అచ్చుకాని పాండిత్యం ఎవరి కోసం?

"సైన్సు చదివేవాడివి, నీకీ బైబిలు పండితుల గొడవ దేనికిరా?" అని హాస్టల్లో మిత్రులు నన్ను ఆట పట్టిస్తున్నారు. వాళ్ళు అడగడంలో న్యాయం లేకపోలేదు. నేను బి.యస్సీ. ఆఖరు సంవత్సరం వాణ్ణి. క్రైస్తవుణ్ణి కాను. హీబ్రూ భాషలో ఒక్క అక్షరం కూడా రాదు. మాది మెట్ట వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో పుస్తకాలంటే పంచాంగమూ, బ్యాంకు పాసుపుస్తకమూను. అయినా ఈ సంవత్సరం నన్ను నిద్రపోనివ్వని విషయం నా కెమిస్ట్రీ సిలబస్‌లోది కాదు. ఇద్దరు ఇంగ్లీషు పండితులు తమ జీవితంలో ఏమేం అచ్చువేశారు, ఏమేం వెయ్యలేదు అన్న లెక్క!

ఒకాయన తొందరగా, తప్పులతో అచ్చువేశాడు. రెండో ఆయన తప్పుల్లేకుండా వేద్దామని చూసి చూసి, ఏళ్ళ తరబడి వెయ్యనే లేదు. ఈ ఇద్దరిలో లోకానికి మేలు చేసినవాడెవరు? నాకు తోచింది చెబుతాను. చివర్లో నా సొంత తప్పు కూడా ఒకటి ఒప్పుకోవలసి ఉంది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. నా గదిలో ఉండే మిత్రుడు క్రైస్తవ కుటుంబంలోనివాడు. వాడి పెట్టెలో మృతసముద్రపు చుట్టల మీద ఒక పుస్తకం కనిపించింది. ఒక వాన సాయంత్రం కరెంటు లేక, కొవ్వొత్తి వెలుగులో మొదలుపెట్టి వదల్లేకపోయాను.

1947 ప్రాంతంలో మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ దగ్గర మేకలు కాసుకునే బెడూయిన్లకు ఒక గుహలో మట్టి కూజాలు దొరికాయి. వాటిలో తోలు చుట్టలు, వాటి మీద హీబ్రూ రాతలు. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటివి. తరవాతి పదేళ్ళలో మొత్తం పదకొండు గుహలు బయటపడ్డాయి. అన్నిటికన్నా పెద్ద నిధి 1952లో దొరికిన నాలుగో గుహ. అయితే అందులో నిండు చుట్టలు లేవు. సుమారు 15,000 ముక్కలు! గోరంత ముక్కలు, అరచేయంత ముక్కలు, చెదలు తిన్నవి, నల్లబడిపోయినవి. అయిదు వందలకు పైగా గ్రంథాల తాలూకు ముక్కలన్నీ ఒక్కచోట కలిసిపోయాయి. బెడూయిన్ల దగ్గర ఈ ముక్కల్ని చదరపు సెంటీమీటరుకు ఒక జోర్డాను దీనారు చొప్పున కొన్నారట. మనం పొలాన్ని సెంట్ల లెక్కన కొన్నట్లే!

ఈ ముక్కల్ని జెరూసలెంలోని పాలస్తీనా పురావస్తు మ్యూజియంలో పొడుగాటి బల్లల మీద అద్దాల కింద పరిచారు. ఫాదర్ రోలాఁ ద వో అనే ఫ్రెంచి పండితుడి పెద్దరికంలో ఏడెనిమిది మంది యువకుల్ని పనిలో పెట్టారు. ఎవరి వాటా ముక్కలు వాళ్ళకి పంచారు. ముక్కకు ముక్క అతికించి, చదివి, అచ్చువెయ్యడం వాళ్ళ బాధ్యత. ఆ రోజుల్లో ముక్కలు అతకడానికి సెల్లోటేపు వాడారు. ఆ జిగురే తరవాత తోలును తినేసింది. అంటే ఆలస్యమైన కొద్దీ వస్తువే చెడిపోతుందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి.

అందులోని ఇద్దరే నా కథానాయకులు. జాన్ అలెగ్రో, జాన్ స్ట్రగ్నెల్. ఇద్దరి పేరూ జానే, ఇద్దరిదీ ఇంగ్లండే. 1953లో అలెగ్రో, 1954లో స్ట్రగ్నెల్ వచ్చి చేరారు. స్ట్రగ్నెల్ అప్పటికి పాతిక నిండని కుర్రాడు. జట్టులో అందరికన్నా చిన్నవాడు. భాషల్లో అసాధ్యుడని పేరు. డాక్టరేటు పట్టా లేకుండానే తరవాత హార్వర్డులో ఆచార్యుడయ్యాడంటే ఆయన ప్రజ్ఞ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అలెగ్రో స్వభావం వేరు. దొరికింది దొరికినట్లు జనానికి చెప్పెయ్యాలి. రేడియోలో మాట్లాడేవాడు, సామాన్యుల కోసం పుస్తకాలు రాసేవాడు. మూడో గుహలో దొరికిన రాగి చుట్ట సంగతి చూడండి. తుప్పు పట్టి విప్పడానికి వీల్లేకుండా ఉంటే, దాన్ని మాంచెస్టరుకు తెప్పించి, టెక్నాలజీ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు రైట్ బేకర్ చేత 1955-56లో సన్నటి రంపంతో 23 ముక్కలుగా కోయించిన ఘనత అలెగ్రోదే. మత పండితులకు లొంగని చుట్ట ఇంజనీరుకు లొంగింది! సైన్సు విద్యార్థులం మనం కాస్త గర్వపడవచ్చు. అందులో ఉన్నది దాచిన నిధుల జాబితా. అధికారికంగా అచ్చువేసే హక్కు జట్టులోని మరొకాయనది. ఆ సంపుటం 1962లో వచ్చింది. అలెగ్రో ఆగలేక 1960లోనే తన పుస్తకం వేసేశాడు. తోటివాళ్ళకు కోపం వచ్చింది. రాకేం చేస్తుంది?

నాలుగో గుహలో తన వాటాకు వచ్చిన ముక్కలన్నిటినీ అలెగ్రో 1968లో ఒక సంపుటంగా అచ్చువేశాడు. అధికారిక గ్రంథమాలలో అది అయిదోది. పుస్తకం సన్నగా, 111 పేజీలే ఉంది. నాలుగో గుహ ముక్కలు పంచుకున్న ఆ మొదటి జట్టులో తన వాటా మొత్తం అంత త్వరగా ముగించినవాడు ఆయన ఒక్కడే.

ఇక్కడే అసలు తమాషా. ఆ పుస్తకం నిండా తప్పులున్నాయని స్ట్రగ్నెల్ ఒక సమీక్ష రాశాడు. 1970లో ఒక ఫ్రెంచి పత్రికలో అచ్చయింది. ఎంత సమీక్ష అనుకున్నారు? 163వ పేజీ నుంచి 276వ పేజీ దాకా. అంటే 114 పేజీలు. పుస్తకం కన్నా సమీక్షే మూడు పేజీలు ఎక్కువ! అక్షరం అక్షరం పట్టి, ఇది ఇలా చదవాలి, ఆ ముక్క ఇక్కడ అతకాలి అని సరిదిద్దాడు. అది ఉత్త కడుపుమంట కాదు. అసలైన పాండిత్యం. ఇప్పటికీ ఆ సంపుటం తెరిచేవాళ్ళు పక్కన ఈ సమీక్ష పెట్టుకునే చదువుతారు.

నేను ఇది చదివినప్పుడు ముందు స్ట్రగ్నెల్ పక్షమే వహించాను. మనకు రికార్డు పుస్తకంలో ఒక్క రీడింగు తప్పయితే ఎర్రసిరా పడదూ? శాస్త్రమంటే కచ్చితత్వం కదా? అలెగ్రో తరవాత చేసిన పని చూస్తే ఆ అభిప్రాయం ఇంకా బలపడింది. అదే 1970లో ఆయన క్రైస్తవ మతం పుట్టుకకూ ఒక రకం పుట్టగొడుగుకూ ముడిపెట్టి ఒక పుస్తకం రాసి, ఉన్న పరువంతా పోగొట్టుకున్నాడు. ప్రచురణకర్తలే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

కాని ఆలోచించిన కొద్దీ నాకొక ప్రశ్న ఎదురైంది. అలెగ్రో పుస్తకం అచ్చు కాకపోయి ఉంటే స్ట్రగ్నెల్ ఆ 114 పేజీలు దేని మీద రాసేవాడు? తప్పు బయట ఉంది కాబట్టి దిద్దగలిగాడు. పెట్టెలో ఉన్న తప్పును ఎవరు దిద్దుతారు?

మరి అంత దిద్దగలిగిన స్ట్రగ్నెల్ తన వాటాలో ఎంత అచ్చువేశాడు? పాక్షికంగా ఒకటి రెండు పాఠాలు 1960లో వేశాడు. వ్యాసాలు రాశాడు. కాని ఆ గ్రంథమాలలో ఆయన పేరున సంపుటం రావడానికి 1994 దాకా ఆగవలసి వచ్చింది. అదీ ఎలీషా కిమ్రోన్ అనే ఇజ్రాయెల్ పండితుడితో కలిసి! ముక్కలు చేతికి వచ్చింది 1950లలో, పుస్తకం వచ్చింది 1994లో. నలభై ఏళ్ళు! ఆ పుస్తకంలో ఉన్న పాఠం గురించి 1984లోనే జెరూసలెంలో ఒక సభలో ప్రకటించారు. అక్కడినుంచి లెక్కపెట్టినా పదేళ్ళు.

ఒక్క స్ట్రగ్నెల్‌నే ఆడిపోసుకోవడం ధర్మం కాదు. జట్టులో చాలామందిది అదే దారి. మొదటి సంపుటం 1955లో వస్తే, 1990 నాటికి వచ్చినవి మొత్తం ఎనిమిది. మధ్యలో 1967 యుద్ధం వచ్చింది. డబ్బిచ్చే రాక్‌ఫెల్లర్ 1960లో పోయాడు. ఫాదర్ ద వో 1971లో కాలం చేశాడు. స్ట్రగ్నెల్‌కు ఆరోగ్యం సహకరించలేదు. ఇవన్నీ నిజమే. ఇంకో నిజం కూడా చెప్పాలి. మొదటి జట్టులో ఒక్క యూదు పండితుడికీ చోటివ్వలేదు. యూదుల గ్రంథాలు చదవడానికి యూదులు పనికిరారా? 1980లలో పెద్దరికం చేతికి వచ్చాక ఇజ్రాయెల్ పండితుల్ని పనిలోకి తెచ్చినవాడు స్ట్రగ్నెలే. అదే స్ట్రగ్నెల్ 1990లో ఒక పత్రికతో యూదు మతాన్ని కించపరుస్తూ మాట్లాడి, పదవి పోగొట్టుకున్నాడు. మనుషులు ఒక్క రంగులో ఉండరు.

అయితే వాళ్ళు చేసిన అసలు తప్పు ఆలస్యం కాదని నా అభిప్రాయం. తాము చదవలేకపోతే పోనీ, ఆ ముక్కల ఫొటోలైనా ఇతరులకు చూపించలేదు. ముక్కలు తమ శిష్యులకు పంచారే గాని బయటివాళ్ళను రానివ్వలేదు. గడ్డివాము దగ్గర కుక్క సామెత మనకు తెలియనిది కాదు. ఇది ఈ శతాబ్దపు పెద్ద అపకీర్తిగా మిగులుతుందని గేజా వర్మేష్ అనే పండితుడు 1977లోనే హెచ్చరించాడు. వినేదెవరు?

చివరికి ఆ తలుపు ఎలా తెరుచుకుందో మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1950లలో ఈ ముక్కల్లోని ప్రతి మాటకూ, దాని ముందూ వెనకా ఉన్న మాటలతో సహా, ఒక కార్డు రాసి పెట్టారు. ఆ కార్డుల్ని 1988లో కొద్ది ప్రతులు మాత్రం అచ్చొత్తారు. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్ళో బెన్‌జియాన్ వాఖోల్డర్ అనే ఆచార్యుడూ, ఆయన దగ్గర చదువుకునే మార్టిన్ అబెగ్ అనే విద్యార్థీ ఆ కార్డుల్లోని మాటల్ని కంప్యూటరులోకి ఎక్కించి, వెనక మాటకు ముందు మాట జతచేస్తూ, చూడని గ్రంథాల పాఠాన్ని తిరిగి అల్లుకొచ్చారు! 1991 సెప్టెంబరులో అచ్చువేసేశారు. అదే నెలలో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గర భద్రత కోసం ఉంచిన ఫొటోలను ఎవరైనా వచ్చి చూడవచ్చని ప్రకటించింది. పెద్దలు ముప్పయ్యేళ్ళకు పైగా మూసిపెట్టిన తలుపు, ఒక విద్యార్థి చేయి పడి కదిలింది.

తరవాత ఏమైంది? 1990లో పెద్దరికం తీసుకున్న ఇమాన్యుయేల్ టోవ్ ముక్కల్ని ఎంతోమందికి పంచి ఇచ్చాడు. ముప్పై అయిదేళ్ళలో ఎనిమిది సంపుటాలు వచ్చిన చోట, తరవాతి ఇరవై ఏళ్ళలో సుమారు ముప్పై వచ్చాయి. 2012 నుంచి ఆ ముక్కల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితం. మా ఊరి కుర్రాడు కూడా ఫోనులో చూడవచ్చు. మరి ఆకాశమేమైనా విరిగిపడిందా? పాండిత్యం పలచబడిందా?

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. "ఏళ్ళ తరబడి కష్టపడ్డవాడి శ్రమకు విలువ లేదా?" అంటారు. తప్పకుండా ఉంది. కిమ్రోన్ పదకొండేళ్ళు శ్రమపడి చిరుగుల మధ్య ఖాళీలు పూరించి అల్లిన పాఠాన్ని, ఆయన అనుమతి లేకుండా, ఆయన పేరైనా చెప్పకుండా ఒక అమెరికా సంపాదకుడు 1991లో అచ్చువేశాడు. కిమ్రోన్ దావా వేసి 1993లో గెలిచాడు. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూడా 2000లో ఆయన పక్షానే తీర్పు చెప్పింది. నా లెక్కలో ఆ తీర్పు న్యాయమే.

మా వైపు కౌలు పద్ధతి తెలిసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. భూమి కౌలుదారుది కాదు. కాని దాని మీద పండించిన పంట అతనిది. ఎవడో వచ్చి రాత్రికి రాత్రి కోసుకుపోతే అది దొంగతనమే. అయితే అదే కౌలుదారు తాను దున్నక, ఇంకొకరిని దున్ననివ్వక, ముప్పయ్యేళ్ళు చేను బీడు పెడతానంటే ఊరు ఒప్పుకుంటుందా? ఆ తోలు ముక్కలు లోకానివి. వాటిని అతికిన నేర్పు పండితుడిది. నేర్పుకు పేరూ, గౌరవమూ ఇవ్వండి. ముక్కను మాత్రం దాచకండి.

ఇంకొక మాట. చూసింది చెప్పడం వేరు, తోచిందల్లా చెప్పడం వేరు. అలెగ్రో 1968లో చేసింది మొదటిది. 1970లో పుట్టగొడుగులతో చేసింది రెండోది. మొదటి దాంట్లో తప్పులున్నా నష్టం లేదు, దిద్దుకోవచ్చు. రెండోదాన్ని ఎవరు దిద్దగలరు? నేను "అచ్చువెయ్యండి" అంటున్నది మొదటి దాని గురించే.

సరే, ఇప్పుడు నా సంగతి.

కిందటేడు వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు మా ఊళ్ళో పద్నాలుగు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టి కాలేజీకి తెచ్చాను. మా వైపు కొన్ని బోర్లలో ఉప్పునీళ్ళు పడతాయి. ఏ బోరు ఏ పంటకు పనికొస్తుందో తేల్చి చెబుతానని రచ్చబండ దగ్గర గొప్పగా చెప్పాను. జూలైలో మా ల్యాబులో కండక్టివిటీ మీటరు మీద పద్నాలుగూ చూశాను. పన్నెండు చక్కగా వచ్చాయి. రెండు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా చూపించాయి. సీసాలు సరిగ్గా కడగలేదేమోనని అనుమానం. అన్నీ కలిపి ఒకేసారి, తప్పు లేకుండా ఇద్దామని కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను. మనం చదువుకున్నవాళ్ళం, ఊళ్ళో మాట పోకూడదు కదా!

దసరాకు వెళ్ళినప్పుడు మా బాబాయి అడగనే అడిగాడు. "ఒరే అబ్బాయ్, ఆ నీళ్ళ సంగతేమైందిరా?" అని. "ఇంకా రెండు తేలాలి బాబాయ్, అన్నీ కలిపి చెబుతా" అన్నాను. ఆయన కొత్త బోరు కింద ఎకరంన్నర మిరప నాటి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఆయన బోరు రీడింగు రెండువేల అయిదొందలు దాటిందని నా పుస్తకంలోని కాగితానికి తెలుసు. ఆయన బోరు ఆ అనుమానపు రెండింటిలోదీ కాదు! చక్కగా వచ్చిన పన్నెండింటిలోదే. ఆ మాట ఎందుకు నోటికి రాలేదో నాకిప్పటికీ తెలియదు.

సంక్రాంతికి వెళ్ళేసరికి మిరప ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. మొక్క ఎదుగు లేదు. ఎరువులకూ, నారుకూ పెట్టింది కూడా రాలేదు. నేను కాగితం తీసి చూపించాను. బాబాయి చదువుకోలేదు. అంకె మాత్రం చూశాడు. కోప్పడలేదు. "అప్పుడే ఒక్క మాట అనుంటే ఆ చెక్కలో పత్తి పెట్టుకునేవాణ్ణి కదరా" అన్నాడు. అంతే. పత్తి ఉప్పుకు ఓర్చుకుంటుందని ఆయనకు నా కన్నా బాగా తెలుసు. ఆయనకు తెలియనిది ఒక్క అంకె. అది నా దగ్గర ఉంది.

అందుకే స్ట్రగ్నెల్‌ను తిట్టే అర్హత నాకు లేదు. ఆయన ఎందుకు ఆలస్యం చేశాడో నాకు లోపలినుంచి తెలుసు. అది సోమరితనం కాదు. తప్పు దొరికితే నలుగురూ నవ్వుతారన్న భయం. దానికి మనం పెట్టుకునే పేరు కచ్చితత్వం. అలెగ్రో పుస్తకం మీద తాను రాసినలాంటి 114 పేజీలు తన పుస్తకం మీద ఎవరైనా రాస్తారేమోనని ఆయనకు మాత్రం భయం ఉండదా?

సోదర విద్యార్థులారా! మన కాలేజీలో ఏటా ఎన్నో ప్రాజెక్టులు చేస్తున్నాం. నీళ్ళు పరీక్షిస్తున్నాం, మట్టి పరీక్షిస్తున్నాం, పురుగుల్ని లెక్కపెడుతున్నాం. అట్ట వేయించి, బంగారు రంగు అక్షరాలు కొట్టించి, మార్కులు పడగానే బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. అడవిగాచిన వెన్నెల అంటే ఇదే కదా! మన విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు నుంచి ప్రతి ప్రాజెక్టుకూ తెలుగులో ఒక పేజీ సారాంశం రాయించండి. ఏది తేలిందో, ఏది అనుమానమో విడివిడిగా రాయమనండి. ఈ సంచికలో నాలుగు పేజీలు దానికి కేటాయించండి. మట్టి ఏ ఊరిదైతే ఆ ఊరికి ఒక ప్రతి పంపండి. తప్పులుంటే దిద్దేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు చదివే అవకాశం ఇవ్వాలి కదా.

నా వంతు నేను చేశాను. పద్నాలుగు బోర్ల లెక్కా పెద్ద అక్షరాలతో రాసి మా ఊరి పాలకేంద్రం గోడకు అంటించి వచ్చాను. తొమ్మిదో నంబరుకూ, పదమూడో నంబరుకూ ఎదురుగా "అనుమానం, మళ్ళీ చూడాలి" అని రాశాను. ఎవరూ నవ్వలేదు. ఆ రెండు బోర్లవాళ్ళూ మర్నాడు పొద్దున్నే శుభ్రంగా కడిగిన సీసాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.